మడమతో పగలగొట్టిన అద్దం

పాతికేళ్లు ఖిదిర్‌పూర్ రేవు దగ్గరి పాత ఆఫీసుల్లో కిటికీలు తుడిచాను. ఎడమచేత్తో కిటికీ చెక్కను గట్టిగా పట్టుకోవడం, కుడిచేత్తో తడిపిన న్యూస్‌పేపరు రుద్దడం. అంతే పని. రెండో అంతస్తు దాటి ఎక్కిన పాపాన పోలేదు. కానీ ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా అక్క ఇంట్లో టీ తాగుతూ చెప్పే కథ వేరు. బొంబాయిలో ముప్పయ్యో అంతస్తు దగ్గర అద్దాలు తుడిచే ఝూలా ఇరుక్కుపోతే, మడమతో ఒక్క తన్ను తన్ని అద్దం పగలగొట్టి, లోపలికి నడిచి వెళ్లి మేనేజరు కుర్చీలో కూర్చున్నానని. మేనేజరు ఎదురుగా నిలబడి నమస్కారం పెట్టాడని కూడా.

మా బావ అదంతా నమ్మాడు. ఊరి చివర కొత్తగా లేచిన న్యూ టౌన్‌లో అద్దాల మేడలు తుడిచే కాంట్రాక్టరు దగ్గర తను చేరి, నా గొప్పలు చెప్పి నన్నూ చేర్పించాడు. కాదనడానికి నాకు మొహం చెల్లలేదు.

ఝూలా అంటే తాళ్లకు వేలాడే ఇనుప తొట్టి. అందులో ఇద్దరం, నడుముకు బెల్టులు, చేతుల్లో రబ్బరు వైపర్లు. పద్దెనిమిదో అంతస్తు. పేపరుతో పావుగంట పట్టే అద్దం ఒక్క గీతతో మెరిసిపోతోంది. నా ఎడమచెయ్యి మాత్రం చెక్క కోసం తడుముకుంటూనే ఉంది. చెక్క లేదు. అసలు తెరుచుకునే కిటికీయే లేదు.

గాలి లేచింది. ఝూలా ఒక మూలకు ఒరిగి, కీచుమని ఆగిపోయింది. బకెట్టు జారి పడింది. అది నేలకు తగిలిన చప్పుడు మా దాకా రాలేదు.

"ఇరుక్కుపోనాదిరా," అన్నాడు బావ. అతని మొహంలో భయం లేదు. నన్ను భయపెట్టింది అదే. "నువ్వుండగా నాకేటి బయ్యం? ఏ మడమరా, కుడిదా ఎడందా?"

"వద్దు బావా!"

"నువ్వాగు. నాకంతా గేపకమే."

కమ్మీ పట్టుకుని కాలు వెనక్కి ఎత్తాడు. ఝూలా ఇంకాస్త ఒరిగింది. ఇన్నేళ్లు కోతలు కోసిన నా నాలుక ఒక్క నిజం చెప్పడానికి అంగిటికి అతుక్కుపోయింది.

"అబద్దం బావా! బొంబాయి నేనెప్పుడూ సూడనేదు."

కాలు గాల్లోనే ఆగింది.

"మరి మేనేజరు?"

"మేనేజరూ అబద్దమే."

బావ అప్పుడు మొదటిసారి కిందికి చూశాడు. ఎత్తిన కాలు దించి, కమ్మీని రెండు చేతులతో వాటేసుకున్నాడు. మెల్లగా కూలబడ్డాడు. ఒకరి బెల్టు ఒకరం పట్టుకుని కూర్చున్నాం. మేడ మీదున్న పనివాళ్లు హ్యాండిలు తిప్పుతూ మమ్మల్ని అంగుళం అంగుళం పైకి లాగారు.

ఆదివారం అక్క టీ గ్లాసు నా ముందు నేల మీద పెడుతూ అడిగింది, "పైన ఏటో అయినాదట?"

నేను గొంతు సవరించుకున్నాను. ఎదురుగా బావ నెమ్మదిగా కాలు చాచి, మడమను నా టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏటీ నేదక్కా," అన్నాను. "అద్దాలు తుడిసినాం."