అత్త నమిలిన పొడపత్రి

నిన్న అనంతపురంలో బీపీ మాత్రలు కొంటుంటే మందుల షాపు బీరువాలో పొడపత్రి క్యాప్సూళ్ల సీసా కనబడింది. దాని మీద జిమ్నెమిక్ ఆమ్లాలు అని చిన్నక్షరాల్లో రాసుంది. కాలేజీలో ఏళ్ల తరబడి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఆ పేరు నాకు కొత్త కాదు. కాని చదవగానే గుర్తొచ్చింది మా మేనత్త.

అత్తది బెళుగుప్ప పక్కన పల్లె. మామ పోయాక శెనక్కాయ చేను, కొన్ని మేకలు, ఆమె. ఓళిగలంటే, అదే బొబ్బట్లంటే, ప్రాణం. షుగరుందని తేలినప్పుడు, జబ్బు వచ్చినందుకు కాదు, ఓళిగలు తినొద్దన్నందుకు డాక్టరు మీద అలిగింది. తర్వాత ఎవరో చెబితే గుట్ట మీద కంపలకు అల్లుకునే పొడపత్రి తీగ తెచ్చుకుని రోజూ పొద్దున్నే ఆకులు నమలడం మొదలుపెట్టింది. ఆ ఆకు నమిలాక చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక పోసుకున్నట్టే ఉంటుంది. ఒకసారి నాకూ తినిపించి, నా మొహం చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. డాక్టరిచ్చిన షుగరు మాత్రలు మానేసింది.

"నోటికే తీపి తెలీకపోతే నెత్తుర్లోకి యాడ పోతాదిరా?" అనేది.

ఆకులోని ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసేస్తాయనీ, రక్తంలో చక్కెరను కొంత తగ్గిస్తాయేమో గాని మాత్రలకు బదులు కావనీ వెళ్లినప్పుడల్లా చెప్పాను. కోప్పడ్డాను, బతిమాలాను. "నువ్వు పుస్తకం చదివినావు, నేను ఆకు నమిలినాను" అని మేకల వెంట పోయేది.

వానలు రాని ఆ ఏడు మేత కోసం గుట్టంతా తిరుగుతుంటే కాల్లో తుమ్మముల్లు దిగింది. ఆమెకు నొప్పే తెలియలేదు. పాదాల్లో స్పర్శను షుగరు ఎప్పుడో తినేసింది. పుండు వాసన వేస్తుంటే పక్కింటామె నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి పాదం నల్లబడి ఉంది.

పెద్దాసుపత్రిలో డాక్టరు మోకాలి కింద తీసేయాలన్నాడు. లోపలికి తీసుకుపోయే ముందు అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఏమప్పా, మందుల పేర్లన్నీ తెలుసు కదా నీకు. నా కాలు నిలబడేదానికి ఏదన్నా ఉండాదా?"

"లేదత్తా."

"సరే పో" అని చెయ్యి వదిలింది.

ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. మేకల్ని అమ్మేశాం. మాత్రలు వేళకు వేసుకునేది. నన్ను ఎగతాళి చేయడం మానేసింది. ఆమె ఎంత బుద్ధిగా నా మాట వింటే నాకు అంత కష్టంగా ఉండేది. నిజం నాకు ముందే తెలుసు, ఆమెకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఆ రెంటి మధ్య గడిచిన కాలంలో నేను చేయగలిగిందల్లా, చెప్పిందే మళ్లీ చెప్పడం.