చదివి వినిపించని పేజీ

నిన్న మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ తలుపు తీయగానే తడిసిన కాగితం వాసన ముఖానికి కొట్టింది. పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల కట్ట జీపు మీద వస్తూ దారిలో వానకు నానిపోయిందట. మా అటెండరు వాటిని విప్పి బల్లల మీద, కిటికీ గట్ల మీద, ఫ్యాను కింద నేల మీద పరిచి వెళ్ళాడు. ఆ కాగితాల్లో కట్టెల పొగ వాసన కూడా ఉంది. పాడేరులో నేను పాఠాలు చెప్పే ఈ డిగ్రీ కళాశాలకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో పొయ్యి పక్కనే కూర్చుని రాసుకుంటారు. లోపల అడుగు పెట్టే చోటు లేక గుమ్మంలోనే నిలబడి, చేతికందిన రిపోర్టు ఒకటి తీసి చదివాను. మొదటి పేజీ ఆ అమ్మాయి రాసింది. రెండో పేజీ ఎవరో రాసినదాన్ని దించుకుంది. మూడో పేజీ నుంచి ఫోను రాసింది. పదేళ్ళుగా దిద్దుతున్నాను కనుక అతుకు ఎక్కడ పడిందో చూడగానే తెలిసిపోతుంది. ఒకప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు ఎక్కడైనా కాసేపు కూర్చోవాలనిపిస్తుంది, అంతే.

ఆ వాసనకు వరహాలమ్మ మేడమ్ గుర్తొచ్చారు. నేను రాసిన మొదటి వ్యాసం కూడా ఆమె దగ్గరికి ఇలాగే తడిసి చేరింది.

అప్పట్లో అరకులో మూడు గదుల పీజీ కేంద్రం ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. మేడమ్ అక్కడ కాంట్రాక్టు లెక్చరర్. సాలూరు దగ్గర పాచిపెంట ఆమెది. వ్యవసాయ కుటుంబం. వేసవి వచ్చిందంటే, మళ్ళీ ఏడాదికి తనను ఉంచుతారో లేదో అన్న బెంగతో గడిపే ఉద్యోగం. ఎం.ఏ. రెండో సంవత్సరంలో మేమందరం తలా ఒక సిద్ధాంత వ్యాసం రాయాలి. కొండ ఊళ్ళ నుంచి వచ్చిన మాకు అలాంటిది రాయడం నేర్పే పని ఎవరూ ఇష్టంగా తీసుకునేది కాదు. చివరికి అది ఆమె నెత్తిన పడింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉండేవారు. విరిగిన కుర్చీలు పడేసే గదిలో ఒక మూల ఖాళీ చేయించుకుని, అక్కడ బల్ల వేయించుకున్నారు.

నేను పెదబయలు అవతల ఒక చిన్న ఊరి నుంచి వచ్చాను. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా, బడిలో తెలుగు, పుస్తకాల్లో ఇంకో తెలుగు. ఆ మూడో తెలుగులో రాయాలంటే నాకు పెన్ను కదిలేది కాదు. మొదటిరోజు తడిసిన కాగితాలు ఆమె ముందు పెట్టి, "వానలో తడిసిపోయాయండి మేడమ్, మళ్ళీ రాసి తెస్తాను" అన్నాను.

ఆమె వాటిని ముట్టుకోలేదు. "తడిత్తే తడిసింది. నువ్వు సదువు, నాను ఇంటాను" అన్నారు. తరగతిలో ఆమె పుస్తకాల తెలుగే మాట్లాడేవారు. ఆ గదిలోకి వచ్చేసరికి ఊరి మాట వచ్చేసేది. అది విన్నాక నా గొంతు కొంచెం తెరుచుకుంది.

నేను చదువుతుంటే ఆమె కళ్ళు మూసుకుని వినేవారు. ఎక్కడైనా తేడాగా ఉంటే చూపుడు వేలితో బల్ల మీద ఒకసారి కొట్టేవారు. "ఆగు. ఇక్కడ నీకు ఊపిరందలేదు. వాక్యం పొడుగైపోయింది, రెండు చెయ్యి." మరోసారి, "ఈ మాట నీ నోట్లో తిరగలేదు. నీది కాదు, ఎక్కడిదో" అనేవారు. మా పదిమందిలో ఎవరు వెళ్ళినా అంతే. ఎర్ర సిరా పెన్ను ఆమె చేతిలో ఎప్పుడూ చూడలేదు. అది ఆమె పద్ధతి అనుకున్నాం. మంచి పద్ధతి అని కూడా అనుకున్నాం.

మా ఊరి ఆడవాళ్ళు అడవి నుంచి తెచ్చుకునే తిండి గురించి నేను వ్యాసం రాస్తానన్నాను. ఆమె ఒప్పుకున్నారు. మొదటి అధ్యాయానికి గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం దొరికింది. అట్ట మీద పెద్ద చదువుల పేర్లున్న పుస్తకం. అందులోంచి రెండు పేజీలు దించుకుని, నావే అన్నట్టు తీసుకెళ్ళి చదివాను. "ఈ కొండజాతుల స్త్రీలు అమాయకులు. రేపటి గురించిన ఆలోచన వీరికి ఉండదు. అడవిలో దొరికినది దొరికినట్లు తిని బతుకుదురు."

వేలు బల్ల మీద పడింది.

"మీ అమ్మ అడవికెళ్తాదా?"

"వెళ్తుందండి. దుంపలకి."

"దుంప తవ్వినాక ఏటి సేత్తాది?"

నేను చెప్పాను. దుంపంతా తీసుకుని, తీగ పుట్టే తలభాగాన్ని కోసి మళ్ళీ గుంటలో పెట్టి మట్టి కప్పుతుంది. మరుసటి ఏడు అక్కడే మళ్ళీ ఊరుతుంది. చిన్నప్పుడు నేను అలా కప్పకుండా వచ్చేస్తే, సగం దారి నుంచి నన్ను వెనక్కి పంపింది.

"మరి రేపటి గురించి ఆలోచన లేంది ఎవరికి?" అన్నారు మేడమ్. గొంతు పెంచలేదు. "ఇప్పుడు సదివావు కదా, ఇది మీ అమ్మ ముందు కూకొని సదవగలవా?"

దించుకున్నందుకు తిడతారని భయపడ్డాను. ఆమె ఆ మాటే ఎత్తలేదు. మా అమ్మ గురించి నాకు తెలిసిన సంగతి పక్కన పెట్టి, ఎవరో రాసిన అబద్ధాన్ని నా చేతిరాతలో పెట్టుకున్నానని నాకే అర్థమై, తల ఎత్తలేకపోయాను. ఆ రెండు పేజీలు అక్కడే చింపేశాను. ఆరోజు నుంచి ఆమె ప్రతి వాక్యానికీ ఒకటే ప్రశ్న. "నీకెలా తెలుసు?" చూశానంటే ఎప్పుడు చూశావు, విన్నానంటే ఎవరు చెప్పారు, పుస్తకంలో ఉందంటే ఆ రాసినాయనకి ఎలా తెలుసు. ఒక్కో పేజీకి వారం పట్టేది. విసుగొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. ఆమె కూడా అలసిపోయేవారు. కళ్ళజోడు తీసి నుదురు నొక్కుకుంటూ, "ఇయాల్టికి సాలు గుంటా" అనేవారు. వాళ్ళ వైపు ఆడపిల్లను అలా పిలుస్తారు.

చలికాలంలో ఒకరోజు, దుంపల అధ్యాయం వినివిని, "మీ ఊరెల్దాం పద" అన్నారు. పెదబయలు దాకా బస్సు, అక్కడి నుంచి జీపు, ఆ తర్వాత నడక. కొండదారిలో ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నడిచారు. మోకాళ్ళ నొప్పులనుకున్నాను. మా అమ్మ దుంప తవ్వి తలభాగం మట్టిలో పెడుతుంటే, మేడమ్ పక్కనే కూలబడి, ఆ గుంటలో చేతులు పెట్టి వేళ్ళతో తడిమి చూశారు. "ఎంత లోతున పెడతావు ఒదినా?" అని అడిగారు. మా అమ్మ తనకొచ్చిన తెలుగులో, "జానెడమ్మా. పైకి పెడితే పంది తినేత్తది" అంది. మేడమ్ నావైపు తిరిగి, "ఇది నీ అధ్యాయంలో లేదు" అన్నారు.

ఇంటికొచ్చాక మా అమ్మ ఆకుదొన్నెలో రాగి అంబలి పోసి అందించింది. మేడమ్ చెయ్యి దొన్నె పక్కనుంచి పోయింది. మళ్ళీ చాచితే మళ్ళీ పక్కకే పోయింది. మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని దొన్నె చుట్టూ వేళ్ళు మూయించింది. తర్వాత నన్ను వాకిట్లోకి పిలిచి మా భాషలో మెల్లగా చెప్పింది. "మీ టీచరమ్మకు కళ్ళు కనపడటం లేదే. నీకు తెలీదా?"

నాకు తెలియదు. ఆరు నెలలుగా ఎదురుగా కూర్చుని చదువుతున్నాను, నాకు తెలియదు.

తిరుగు బస్సులో ఆమే చెప్పారు. కంటి నరం ఎండిపోతోందట. మూడేళ్ళుగా తగ్గుతూ తగ్గుతూ, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప అక్షరం కనిపించడం లేదు. తరగతి పాఠాలన్నీ కంఠతా వచ్చు కనుక నెట్టుకొస్తున్నారు. సంతకం అలవాటు మీద పడిపోతుంది. "తెలిత్తే మానిపించేత్తారు. ఇంకో మూడేళ్ళు లాగితే సాలు అనుకుంతన్నాను. ఎవరికీ సెప్పకు" అన్నారు.

"చెప్పనండి" అన్నాను. చెప్పలేదు కూడా. మిగిలిన నాలుగు నెలలూ ఆమెను గది నుంచి తరగతికి, తరగతి నుంచి గదికి మాటల్లో పెట్టి నడిపించాను. వ్యాసం పూర్తయ్యాక ఆమె సంతకం పెట్టాల్సిన చోట వేలు ఆనించి చూపించాను.

ఆ వ్యాసంలో ప్రతి పేజీ ఆమె రెండుసార్లో మూడుసార్లో విన్నదే, ఒక్కటి తప్ప. మొదట్లో ఉండే కృతజ్ఞతల పేజీ ఆమెకు చదవలేదు. బైండింగ్ అయి వచ్చాక వినిపించి సంతోషపెట్టాలనుకున్నాను. అందులో ఉత్తుత్తి పొగడ్తలు రాయకూడదని, ఆమె నేర్పినట్టే, నాకు తెలిసిందే రాశాను. "ఏడాది పాటు నేను ప్రతి వాక్యం చదివి వినిపిస్తే, మేడమ్ కాగితం వైపు చూడకుండా, ఒక్క గీత గీయకుండా, విని మాత్రమే దీన్ని దిద్దారు. వారికి నా అపారమైన కృతజ్ఞతలు." నేను రాసిన వాక్యాల్లో అదే బాగా వచ్చిందని నాకు గర్వంగా ఉండేది. అది ఆమె రహస్యం చెప్పేసినట్టు అవుతుందని ఒక్క క్షణం కూడా తట్టలేదు.

మౌఖిక పరీక్షకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిప్పుతూ అక్కడే ఆగాడు. నవ్వుతూ పైకి చదివాడు. "ఇదేమిటి మేడమ్, మీరు కాగితం చూడరా?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడేమో. ఆమె కూడా నవ్వబోయారు. ఆయన పుస్తకం ఆమె ముందుకు తోసి, "ఈ బొమ్మ కింద ఏం రాసి ఉందో మీరే చెప్పండి" అన్నాడు. మేడమ్ పుస్తకం తీసుకున్నారు. అది తలకిందులుగా ఉంది. ఆమె దాన్ని తిప్పలేదు. గదిలో ఉన్న నలుగురికీ అర్థమైంది. నాకు పట్టా వచ్చింది. జూన్‌లో ఆమెకు కాంట్రాక్టు రాలేదు.

సామాన్లు సర్దుకుంటున్నారని తెలిసి ఆమె అద్దె ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నా అడుగు విని, "రా గుంటా. ఆ పేజీ తెచ్చావా? నువ్వు నాకు ఇనిపించంది అదొక్కటే" అన్నారు. తెచ్చాను. చదివాను. ఆగి ఆగి చదివాను. ఆమె ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని విన్నారు. వేలు ఒకసారి పెట్టె మూత మీద కొట్టారు.

"అపారమైన అన్న మాట తీసేయి. నీది కాదు అది. మిగతాది ఉంచు. అబద్ధం లేదు."

"నా వల్లే కదండీ మేడమ్" అన్నాను.

కాదంటారని ఆశపడ్డాను. "నీ వల్లే" అన్నారు. "కాదంటే నువ్వు నమ్మవు, నానూ నమ్మను. నువ్వు కావాలని సెయ్యలేదు, అదీ నిజమే. రెండూ ఉంచుకో." చీర మడత పెట్టి పెట్టెలో వేసి, "అలిసిపోయాను గుంటా. సదువు సెప్పడం కన్నా, కనపడతన్నట్టు నటించడమే కట్టమైపోయింది. బేగి ఆ తాడందియ్యి, పెట్టె కట్టేద్దాం" అన్నారు.

ఇద్దరం కలిసి పెట్టె కట్టాం. పాచిపెంటలో తమ్ముడింటికి వెళ్ళిపోయారు. నాకు ఉద్యోగం వచ్చాక ఆదివారాలు ఫోను చేసి, మా పిల్లలు రాసిన పేజీలు చదివేదాన్ని. ఓపికున్న రోజు దిద్దించేవారు. లేని రోజు, "నువ్వు మాట్లాడు, ఇంటాను" అనేవారు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆమె మరదలు ఫోను ఎత్తింది. ఆమె మాట పూర్తి చేయకముందే నాకు తెలిసిపోయింది.

ఆమె చెప్పినట్టు రెండూ ఉంచుకున్నాను. క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. "నీకెలా తెలుసు?" అన్న ప్రశ్న ఆమె ఇచ్చినది. దాని వెనకాలే ఇంకొకటి అడుగుతాను. అది ఆమె నేర్పింది కాదు, ఆమె నష్టపోతే నాకు వచ్చింది. దానికి పేరు పెట్టలేను.

పోయిన ఏడు ఒక అమ్మాయి తేనె తీసే వాళ్ళ గురించి ప్రాజెక్టు రాసింది. అన్నీ స్వయంగా చూసి రాసింది. ఒక్క దించుడు మాట లేదు. ఇంతకాలానికి ఒకటి దొరికిందని ప్రాణం లేచి వచ్చింది. నాకు చదివి వినిపిస్తూ, వాళ్ళ మావయ్య పేరు, ఆయన ఏ కొండ మీద, ఏ ఫారెస్టు గార్డు కళ్ళుగప్పి ఏ రాతి కింద తేనె తీస్తాడో చదివింది. ఆపమన్నాను.

"తప్పుందా మేడమ్?" అంది.

"లేదు. అంతా నిజమే."

"మరేటండి?"

"ఇది ఎవరెవరు చదువుతారో ఆలోచించావా? చదివాక మీ మావయ్యకి ఏమవుతుందో?"

ఆ పిల్ల కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. "పేరు తీసేయమంటారా?" అంది.

తీసేయమని చెప్పడం తేలిక. ఉంచమని చెప్పడమూ తేలికే. "నువ్వే చెప్పు" అన్నాను. ఆమె పెన్ను మూత తీసి, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి, ఈసారి తనలో తాను, పెదాలు కదుపుతూ చదువుకోవడం మొదలుపెట్టింది. గంట కొట్టారు. తరగతులు వదిలారు. ఆమె ఇంకా చదువుతూనే ఉంది. నేను తొందరపెట్టలేదు.