దుంపలో పెట్టిన పాఠం

పొరుగింటి పెరట్లో పసుపు ఉడుకుతోంది. ఆ వాసన కిటికీలోంచి వచ్చినప్పుడు దానియేలు మాస్టారు గుర్తొచ్చారు. రెండువేల దశకంలో విశాఖ కొండల్లోని డుంబ్రిగుడలో ఆయన దగ్గర టైపిస్టుగా పనిచేశాను. ఆయన రిటైరైన బడిపంతులు, మాతృభాష కువి అనే కొండభాష. కొండ పిల్లలకు మొదటి పుస్తకం వాళ్ల భాషలోనే ఉండాలని ఆయన పట్టు. ఆయన కువిలో పాఠాలు చెప్పేవారు, నేను తెలుగు లిపిలో కొట్టేదాన్ని. నాకు ఆ భాష రాదు.

ఒక సాయంత్రం నేను కంప్యూటర్ ఆపబోతుంటే మాస్టారు తెర మీదికి వంగారు.

“షట్‌డౌను, స్లీపు తెలుసు. ఈ మూడోదేటే గుంటా?”

“హైబర్నేటండి. స్లీపులో ఉండగా కరెంటు పోతే చేసిన పని పోవచ్చు. ఇందులో పెడితే ఎక్కడ ఆపామో అదంతా దాచుకుని ఆరిపోతుంది. మళ్లీ వేస్తే అక్కడి నుంచే మొదలవుతుంది.”

“అయితే పసుపు దుంపే. పైన ఆకు ఎండిపోతే సచ్చిపోనాదనుకుంటారు మీ కొండ కిందోళ్లు. వానకి లేస్తాది.”

“మరి షట్‌డౌను?”

“తవ్వీసి సంతలో అమ్మీడం.”

కరెంటును నమ్మలేని ఊరు కాబట్టి, ఆ తర్వాత ఆయన రోజూ “దుంపలో పెట్టీ” అనే లేచేవారు.

చివరి పాఠం చెప్తుండగా ఆయనకు ఆయాసం వచ్చింది. వాక్యం సగంలో ఆగింది. “కట్టీకు. దుంపలో పెట్టు. మిగతాది రేపు సెప్తాను” అన్నారు. జీపులో విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగి శవమే వచ్చింది.

సమాధి అయ్యాక కంప్యూటర్ వేశాను. ఆగిన మాట పక్కన కర్సర్ కొట్టుకుంటోంది. ఆ సగం వాక్యానికి తెలుగులో అర్థం ఆయన ముందే చెప్పారు: ‘అమ్మ కొండ దిగుతూ...’ ప్రెస్సు నుంచి ఫోను వచ్చింది. “ఒక్క ముక్కే కదమ్మా, ఏదో ఒకటి కొట్టి బేగి పంపీ. లేపోతే బడి తెరిసే నాటికి పుస్తకం అందదు.” ఏదో ఒకటి కొట్టడం నా చేత కాలేదు. పాఠాన్ని కాగితం మీదికి ఎత్తుకుని, మళ్లీ దుంపలోనే పెట్టి, మర్నాడు బడికి వెళ్లాను.

పాఠం చదివితే నా ఉచ్చారణకు పిల్లలు పడీపడీ నవ్వారు. అమ్మ కొండ దిగుతూ ఏం చేస్తుందని అడిగాను.

“పాట పాడతాది” అన్నాడొకడు.

“ఎప్పుడు పాడినాదిరా మీ యమ్మ?” అంది పక్కనున్న గుంట. “కట్టెల మోపుంటే ఊపిరాడదు. ఇంటికొచ్చినాక పాడతాది.”

‘కొండ దిగుతూ పాడదు, ఇంటికొచ్చాక పాడుతుంది’ అనే ఆ మాటే ఆ పిల్ల చేత కువిలో చెప్పించుకుని కొట్టాను. పుస్తకం ప్రెస్సుకు పంపి, కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేశాను.

మాస్టారు ఏమనబోయారో నాకు తెలియదు. ఇప్పుడు ఎదుటివారు మాట మధ్యలో ఆగితే నేను అందించను. వాళ్లు చెప్పేదాకా ఊరుకుంటాను.