కుంకుమ కింది వార్త

బళ్ళారి బట్టల బజారులో మల్లికార్జునయ్య కొట్టుకు వెళ్ళినవాళ్ళెవరూ ఆ చెక్కను చూడకుండా చీర కొనలేరు. దేవుళ్ళ పటాల మధ్య, వాళ్ళకంటే జానెడు ఎత్తునే ఉంటుంది. దాని మీద 1931 నాటి తెలుగు పత్రిక ముక్క అతికించి ఉంది. ‘బళ్ళారిలో సీమబట్టల బహిష్కారము. శ్రీ నెట్టికంటప్పగారి దుకాణము ఎదుట...’ అంతవరకే చదవగలం. ఆ కిందంతా తొంభై దీపావళుల కుంకుమ. అద్దం వేయిస్తే తాత నెట్టికంటప్పకు బొట్టు అందదని ఆ ఇంట్లో ఒక నమ్మకం. ఏటా లక్ష్మీపూజకు బొట్టు పెట్టి పెట్టి సగం వార్తను వాళ్ళే పూడ్చేశారు. మిగిలిన సగాన్ని పట్టుకుని, మా తాత దేశం కోసం పోరాడాడని మూడు తరాలుగా ఛాతీ విరుచుకుంటున్నారు. దుకాణం ఎదుట విదేశీ బట్టల బహిష్కారం జరిగితే, చేసినవాడు దుకాణదారుడు ఎలా అవుతాడని ఒక్కరికీ తట్టలేదు. తట్టకపోతేనే సుఖమని తెలిసిన వంశం అది.

నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు, రేణుక గురించి. కోర్టు దారిలో జిరాక్సు కొట్టు ఆమెది. ఊరి పక్కనున్న కప్పగల్లులో అవ్వ భీమక్క దగ్గర పెరిగింది. భీమక్క తండ్రి హుసేనప్ప ఒకప్పుడు ఇదే బజారులో మూటలు మోసిన హమాలీ. నెట్టికంటప్ప కొట్లో మూటలు కాజేసి జైలుకు పోయాడని బజారంతా అనేది. అందుకే భీమక్క ఏ ఇంట్లో పనికి కుదిరినా, సాయంత్రం వెళ్ళేముందు వాకిట్లో సంచి విదిలించి చూపించాలి. దొంగ కూతురు కదా! చిన్నప్పుడు అవ్వ కొంగు పట్టుకుని నిలబడి రేణుక అది ఎన్నిసార్లు చూసిందో.

కాలేజీ పిల్లల పరిశోధన పనులు చేసిపెడుతూ, పాత పత్రికలను కంప్యూటర్లో వెతకడం రేణుకకు పట్టుబడింది. నిరుడు కొట్టుకు నూరేళ్ళు నిండుతున్నాయని పుస్తకం వేయబోతూ మల్లికార్జునయ్య ఆమె దగ్గరికే వచ్చాడు.

“రేణుకమ్మా, మా తాత వార్త పూర్తిగా కావల్ల. పుస్తకంలో మొదటి పేజీకి.”

రేణుక ఊరి పేరు కొట్టింది, మనిషి పేరు కొట్టింది. ఏమీ రాలేదు. అరిగిపోయిన అచ్చును యంత్రం చదవలేదు. నాలుగో రోజుకే ఆయనకు ఓపిక చచ్చింది.

“ఏందమ్మా, బటన్ ఒత్తితే వచ్చేదానికి ఇన్ని దినాలా?”

గుడ్డను మూరతో కొలిచినట్టే పనినీ కొలుస్తాడు మహానుభావుడు. రేణుక వెళ్ళి ఆ చెక్కను ఫోటో తీసుకొచ్చింది. ముక్క అంచున తలనూనె ప్రకటన సగం ఉంది, లావుపాటి అక్షరాల్లో. లావు అక్షరాలైతే యంత్రం చదువుతుంది. నూనె పేరుతో వెతికితే పదకొండు సంచికలు దొరికాయి. ఒక్కొక్కటీ తెరిచి పేజీపేజీ చూసింది. తొమ్మిదో దాంట్లో పూర్తి వార్త ఉంది.

‘...దుకాణము ఎదుట హమాలీ హుసేనప్ప సీమబట్టల మూటలు మోయనని అడ్డముగా కూర్చుండెను. దుకాణదారుని ఫిర్యాదుపై పోలీసులు అతనిని పట్టుకొనిరి. మూడు మాసముల శిక్ష విధింపబడెను.’

నాలుగుసార్లు చదివింది. దొంగతనం మాట ఎక్కడా లేదు. ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

మల్లికార్జునయ్య ఒక్కసారే చదివాడు. “పైది సాలు. కిందిది కత్తిరించి ఇయ్యి.”

“అది మా ముత్తాత పేరప్పా!”

“ఐతే ఏమిప్పుడు? సత్తె కాలం నాటి మాట, ఇడిసిపెట్టమ్మా.”

తన తాత మాత్రం ఏ కాలం వాడో!

ఆ సాయంత్రం రేణుక అవ్వకు చదివి వినిపించింది. భీమక్క రెండోసారి చదివించుకుంది. ఏడవలేదు.

“నా సంచి విదిలించి చూసినోళ్ళంతా సచ్చిపోయిరి కదే. ఇంక ఎవురికి సదివి చెప్తావు?”

మళ్ళీ ముసలామే అంది. “ఆ నెట్టికంటప్ప మనమడు ఉండాడు కదా. పండగ నాడు పోదాం పా.”

దీపావళినాడు కొట్టు నిండా జనం. మల్లికార్జునయ్య పట్టుపంచె కట్టి, కుంకుమ భరిణె పట్టుకుని, పూజకు దింపిన చెక్క ముందు నిలబడ్డాడు. ఎనభై ఎనిమిదేళ్ళ భీమక్క రేణుక భుజం పట్టుకుని నేరుగా వెళ్ళి, పూజ నీళ్ళలో కొంగు తడిపి ఆ చెక్కను తుడిచేసింది. కుంకుమ పెచ్చులతోపాటు కాగితమూ ఊడొచ్చింది. అడుగున ఉత్త చెక్క.

“చూస్తిరా? ఏమీ లేదు దాంట్లో!” అని అరిచాడు మల్లికార్జునయ్య. తాత వార్త చిరిగిందన్న బాధ మచ్చుకైనా లేదు. బతికిపోయానన్న సంతోషం మాత్రం ముఖమంతా ఉంది.

“నీ దాంట్లో లేకుంటే పోనీలేప్పా” అంది భీమక్క. “రేణుకా, నీ దాంట్లో ఉండాది కదే. అందరికీ ఇనపడేట్టు సదువు.”

రేణుక ఫోన్ తీసి చదివింది. ‘దుకాణదారుని ఫిర్యాదుపై’ దగ్గర ఆగి, ఆ ముక్క మళ్ళీ చదివింది. చీరలు బేరమాడుతున్న ఆడవాళ్ళు కూడా తలెత్తి చూశారు. మల్లికార్జునయ్య చేతిలో భరిణె అలాగే ఉండిపోయింది.

భీమక్క వెళ్ళబోతూ ఆగింది. చంకలోని సంచి తీసి ఆయన ముందు బోర్లించి విదిలించింది.

“మా నాయన ఏమీ ఎత్తుకపోలేదు. నేనూ ఎత్తుకపోలే. సూసుకో.”

అందులోంచి ఆడవాళ్ళకిచ్చే ఉచిత బస్సు టికెట్టు ఒకటి రాలింది. వంగి దాన్ని తీసుకుని, మనవరాలితో మెట్లు దిగింది.