దేవానందం వీపు

దేవానందం తాపీ మేస్త్రీ. యాభై ఒక్క ఏళ్లు. నారాయణఖేడ్ శివారు చర్చిలో ఇరవై రెండేళ్లుగా ఆదివారం గంట కొట్టేది అతనే.

కిందటి వర్షాకాలం కల్హేర్ రోడ్డు మీద బండి జారి కుడి భుజం విరిగింది. కట్టు విప్పేసరికి వీపు ఆ వైపు సన్నబడి ఉంది. తాడు పట్టుకుని లాగితే గంట ఊగింది గాని మోగలేదు.

కమిటీలో ఉన్న జేమ్స్ ఫోను చూపించాడు. "ఇగ మైకుల పెడదామే అన్నా. గంట రికార్డు దీంట్లనే ఉన్నది. ఒత్తుడే."

"కోతల పండుగ దాక ఆగు."

"ఆగుత. అప్పటికీ మోగకుంటే మైకే."

బస్టాండు దగ్గర జిమ్ నడిపే స్టాన్లీ, దేవానందం భార్య ఎలీసబెతుకు తమ్ముడి కొడుకు. అతను మామను ఒక మిషన్ ముందు కూర్చోబెట్టాడు. పైన ఉన్న కడ్డీని ఛాతీ దాకా లాగితే ఎదురుగా బరువు పలకలు లేస్తాయి. దాని పేరు దేవానందానికి నోరు తిరగలేదు. బావి మీద గిరకలా ఉందని గిరక అన్నాడు. వారంలో జిమ్ అంతా గిరక అంది.

"చేతులతోటి గాదు మామా, వీపుతోటి గుంజు."

పది కిలోలతో మొదలైంది. గిరక తొందరపెట్టలేదు. పలకల్లో గుచ్చిన పిన్ను ఒక రంధ్రం కిందికి మారిస్తే అయిదు కిలోలు పెరుగుతుంది. మూడు నెలలకు నలభై. నొప్పి పోయింది.

ఆ సాయంత్రమే చర్చికి వెళ్లి తాడు లాగాడు. గంట ఒక్కసారి మోగింది. తిరుగు ఊపుకు తాడు పైకి పోయింది. దానితోపాటు అతనూ మునివేళ్ల మీదికి లేచాడు. రెండో దెబ్బ పడలేదు.

ఒక్క దెబ్బ కొట్టి ఆపితే చావు గంట. వాడలో తలుపులు తెరుచుకున్నాయి.

"ఎవరు వోయిండ్రు ఎలీసబెతూ?" అని ఎదురింటి సంగమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఎవ్వరు వోలే సంగక్కా. మా ఇంటాయన ఇజ్జత్ వొయ్యింది, గంతే."

మరునాడు స్టాన్లీ విని నవ్వాడు. "మిషన్ల తొడల మీద దిమ్మె నిన్ను ఒత్తి వట్టుకుంటది మామా. గంటకాడ నిన్నెవరు వట్టుకుంటరు?" గోడకు బిగించిన ఇనుప కడ్డీ చూపించాడు. "నిన్ను నువ్వే గుంజుకోవాలె."

దేవానందం బరువు అరవై ఎనిమిది. తగ్గించుకోవడానికి పిన్ను లేదు. మొదటి రెండు వారాలు వేలాడడమే. పనిలో ఉన్న రోజు పరంజి కర్రకు వేలాడాడు.

అన్నం గిన్నె తెచ్చిన ఎలీసబెతు కింద నిలబడి చూసింది. "ప్లాస్టర్ ఎండేదాక నువ్వు గూడ ఎండుతున్నవా?"

"నవ్వియ్యకు. చేతులు జారుతయి."

గిరకను మానలేదు. వారానికి మూడు రోజులు అది, రెండు రోజులు కడ్డీ. గిరక మీద వీపు ఒక్కటే పనిచేసేది. కడ్డీకి వేలాడితే పిడికిలి, కడుపు, తుంటి అన్నీ కలిసి రావలసి వచ్చేది. ఏదీ తప్పించుకోలేదు. జనవరిలో ఒకసారి గడ్డం కడ్డీ దాటింది. నెలాఖరుకు మూడుసార్లు.

"ఏది మంచిగున్నది మామా?" అని స్టాన్లీ అడిగాడు.

దేవానందం అరచేతులు తుడుచుకున్నాడు. "గిరక దవాఖాన. కడ్డీ పని. దవాఖాన నుంచే గదరా పనికొచ్చేది."

ఫిబ్రవరిలో కోతల పండుగ. పొద్దున్నే జేమ్స్ మైకు దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డాడు. దేవానందం చెప్పులు విడిచి తాడు పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ పడింది. తాడు పైకి పోయింది. మడమలు లేచాయి. మోచేతులు పక్కలకు దింపి, ఒళ్లంతా బరువు చేసి వెనక్కి దిగాడు. రెండో దెబ్బ. మూడోది. తర్వాత గంట తన నడక తనే అందుకుంది.

"చాలే అన్నా, అందరు లేచిండ్రు," అన్నాడు జేమ్స్.

ఫోను జేబులో వేసుకుని, జొన్న కంకుల గంపలు సర్దడానికి పందిరి కిందికి వెళ్లాడు.

దేవానందం ఇంకో పది దెబ్బలు కొట్టాడు. అవసరం లేదు. ఆపాలనిపించలేదు.