గడ్డ రాగానే అమ్మ దిగేది

ఈ మధ్య ఆదివారం పొద్దున్నే హన్మకొండ పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని, సన్న టైర్ల సైకిళ్ల మీద మా పాత దారిలో పోతున్నారు. దానికి 'రూట్' అని పేరు పెట్టుకుని, చెరువు కట్ట మీద ఆగి ఫోటోలు దిగుతున్నారు. వాళ్లను చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం కడుపుమంటా వస్తుంది. మాకు అది చర్చికి పోయే దారి, అంతే. ఫోటో తీసినవాడు లేడు.

మాది కాశిబుగ్గ. బాపు జంపఖానాలు నేసేవాడు. వారమంతా మగ్గం ముందు కూర్చున్న మనిషి ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని, కొబ్బరినూనె గుడ్డతో సైకిల్ తుడిచేవాడు. ముందు రాడ్డు మీద తువ్వాల మడిచి వేసి నన్ను కూర్చోబెట్టేవాడు. వెనక క్యారియర్ మీద అమ్మ. ఆమె ఒళ్లో బైబిలు, పాటల పుస్తకం, అమ్మమ్మకు వక్కల పొట్లం. అమ్మ పుట్టిన ఊళ్లో చిన్న చర్చి ఉండేది. ఇంటి పక్కనే ఇంకో చర్చి ఉన్నా అమ్మకు అక్కడి పాటలు ఎక్కేవి కావు. 'మా ఊళ్లె పాడినట్టు ఎవలు పాడరు' అనేది. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం బాపుకు లేదు. దాంతో ప్రతి ఆదివారం ఆ తొక్కుడు తప్పేది కాదు.

బజారు దాటగానే మిరప చేన్లు, ఆ తర్వాత పత్తి, తర్వాత చెరువు కట్ట. ఇప్పుడవన్నీ ప్లాట్లు, రంగు రాళ్లు, బోర్డులు. నాకు ఒళ్లు మండుతుంది కానీ ఏం చేస్తాం! కట్ట దిగగానే దారి ఒక్కసారిగా పైకి లేచేది. దాన్నే గడ్డ అనేవాళ్లం.

మా దగ్గర ఒక మర్యాద ఉండేది. ఎత్తు రాగానే వెనక కూర్చున్నవాళ్లు చెప్పకుండానే దిగాలి. దిగమని అడగడం తొక్కేవాడికి నామోషీ, అడిగించుకోవడం కూర్చున్నవాళ్లకు సిగ్గు. అమ్మ అయితే సైకిల్ ఇంకా పోతుండగానే చటుక్కున దూకేది. బాపు వెనక్కి చూడకుండా లేచి నిలబడి తొక్కేవాడు. నా నెత్తి మీద ఆయన ఊపిరి బుసబుసమనేది. చొక్కాకు గంజి వాసన, చెమట వాసన. ఆ వాసన నాకిప్పటికీ కావాలనిపిస్తుంది.

పైకి చేరాక అమ్మ కోసం ఆగేవాళ్లం. నేను రేగుపండ్లు ఏరుకునేదాన్ని. బాపు మాత్రం సైకిల్ పట్టుకుని కిందికే చూస్తూ నిలబడేవాడు. పక్కన కూర్చోవడానికి బండ ఉన్నా ఒక్కనాడూ కూర్చోలేదు.

"ఏం చూస్తానవ్ బాపూ?"

"ఏం లే. బండ్లు గిట్ల వస్తానయా అని."

ఆ దారిలో బండ్లెక్కడివి? అమ్మ చెంగు నడుముకు దోపుకుని నింపాదిగా వచ్చేది. వచ్చీరాగానే బాపును ఎగాదిగా చూసి, "ఏంది, నన్ను దింపినంక సుత దమ్మొస్తాందా నీకు?" అనేది. బాపు నవ్వేవాడు. "కూసో, పోదాం" అనేవాడు. ప్రతి వారం అదే మాట, అదే జవాబు. నాకు విసుగొచ్చేది.

అమ్మ పోయి మూడు వానాకాలాలైంది. బాపు నాతోనే ఉంటున్నాడు. మోకాళ్లు అరిగాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎత్తులు ఎక్కించొద్దని దవాఖానలో గట్టిగానే చెప్పారు. అట్లాంటి మనిషి మొన్న ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని నా స్కూటీ పక్కన నిలబడ్డాడు.

"గడ్డను తవ్వుతాండ్రట బిడ్డా. నాలుగు లైన్ల రోడ్డట. హోటల్ కాడ అనుకుంటాండ్రు. ఒక్కసారి పోయొద్దాం."

చూసి రావడమే అనుకున్నాను. వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. కట్ట దిగామో లేదో నా వీపు మీద చెయ్యి పడింది.

"ఆపు, దిగుతా."

"మోటారు బండి బాపూ! అదే ఎక్కుతది. నువ్వు జర సప్పుడు చేయకుండ కూసో."

"ఆపుమంటానగా!"

ఆపాను. నాకు కోపం నషాళానికి అంటింది. మోకాళ్ల గురించి, ఆయాసం గురించి, డాక్టరు గురించి అన్నీ ఏకరువు పెట్టాను. బాపు అంతా విని, చెప్పులు సర్దుకున్నాడు.

"గిన్నేండ్లు ఈ తొవ్వ తొక్కిన గని, ఒక్కనాడు గడ్డ నడువలే నేను. మీ అమ్మ ఒక్కతే నడిచింది. రేపు గడ్డనే ఉండదాయె."

పక్కన నేనూ నడుస్తానన్నాను.

"మీ అమ్మ పక్కన ఎవలున్నరు? నువ్వు పైకి పో. ఆడ నిలబడు. ఫికర్ చేయకు."

వెళ్లాను. పైన జేసీబీ ఒకటి ఆగి ఉంది. ఒక పక్క గడ్డను కోసేశారు, ఎర్రమట్టి పచ్చిగా కనబడుతోంది. ఆ బండ మాత్రం ఇంకా అక్కడే ఉంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే దారి వంపు అడ్డమొచ్చి కింద నడిచే మనిషి కనబడడు. అది నాకు అప్పుడే తెలిసింది.

బాపు నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు. మోకాలి మీద చెయ్యి ఆన్చి మళ్లీ కదులుతున్నాడు. సగం దారిలో వంగి అట్లాగే ఉండిపోయాడు. దిగి ఉరుకుదామని ఒక అడుగు వేశాను. బాపు నడుం ఎత్తి చెయ్యి ఊపాడు, రావొద్దని. ఏడుపు ఆపుకుంటూ అక్కడే నిలబడ్డాను. దేవుడా, ఈ ముసలాయనను పైకి తీసుకురా అని మనసులో మొక్కుకున్నాను. ఆ సైకిలిస్టు పిల్లలు ఇద్దరు ఆయనను దాటుకుని రయ్యిన వెళ్లిపోయారు.

చివరికి వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. స్కూటీ సీటు పట్టుకుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. మందలించడానికి నోరు తెరిచాను కానీ ఆయన నావైపు చూడడం లేదు. వచ్చిన దారినే చూస్తున్నాడు, నా చిన్నప్పుడు చూసినట్టే.

"గింత దూరముంటదని," అన్నాడు, "ఒక్కనాడన్న అనలే బిడ్డా, మీ అమ్మ."

ఆయన కళ్లు తుడిచాను. నావి ఆయన తుడిచాడు.

"కూసో బాపూ, పోదాం" అన్నాను.