పీరయ్య పత్యం

పీరయ్య చెయ్యి యుద్ధం జరుగుతున్నప్పుడు వణకలేదు. యుద్ధం అయిపోయాక వణికింది. అదెట్లా అని అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను, నాకింకా పూర్తిగా అంతుపట్టలేదు.

నా పేరు మస్తాన్ వలీ. మాది ప్రొద్దుటూరు. సౌదీలో ఒక కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర, డ్రైవర్‌గా ఉండేవాణ్ణి. ఆ కఫీల్ కిందనే పీరయ్య టైల్స్ మేస్త్రీ. కోరుట్ల పక్కన ఏదో పల్లె. వాళ్లమ్మ పిల్లల కోసం పీర్లకు మొక్కుకుంటే పుట్టాడట, అందుకని ఆ పేరు పెట్టారు. "నీ పేరులో సగం మావాళ్లే ఉన్నారు కదన్నా" అని నేను ఆటపట్టిస్తే, "మా ఊరి పీర్లు మీ దిక్కు పీర్లకంటె పెద్దోళ్లు భాయ్" అని ఎదురు వేసేవాడు. మాట పడే మనిషి కాదు.

తొంభై ఒకటి మొదట్లో మేము రియాద్‌లో ఉన్నాం. ఇరాక్ క్షిపణులు వస్తున్నాయని సైరన్ మోగితే చాలు, గదిలో అందరం విషవాయువు భయంతో తడి తువ్వాళ్లు మొహాలకు చుట్టుకుని మంచాల కింద దూరేవాళ్లం. పీరయ్య మాత్రం గోడకు ఆనుకుని కూర్చునేవాడు. "సావొస్తె మంచం ఆపుతదా?" అని మమ్మల్ని చూసి నవ్వేవాడు. తెల్లారితే అందరికంటే ముందు పనికి దిగేవాడు. మనిషి గుండె రాయితో చేశారేమో అనుకున్నాను.

యుద్ధం ముగిసింది. కఫీల్ తన సొంత ఊరు తాయిఫ్‌లో కొత్త ఇల్లు మొదలుపెట్టి మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. కొండల మీద ఊరు, చల్లటి గాలి, దానిమ్మ తోటలు. ఇక హాయిగా ఉండొచ్చు అనుకున్నాం. ఒక పొద్దున మా గదిలో వంట చేసే హన్మాండ్లు కుక్కర్‌లో పప్పు పెట్టాడు. విజిల్ కూసింది. పీరయ్య చేతిలోని చాయ్ గ్లాసు కింద పడి ముక్కలైంది. మేమంతా పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. కుడి చెయ్యిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, అది తనది కానట్టు చూస్తున్నాడు.

ఆ రోజు మొదలు ఆ చెయ్యి నిలబడలేదు. టైల్స్ పనివాడికి చెయ్యి అంటే ఏమిటో చూసినవాళ్లకు తెలుస్తుంది. దారం పట్టి, సిమెంటు పరిచి, రాయిని మెల్లగా దించి, రబ్బరు సుత్తితో తడుతూ మట్టానికి తేవాలి. చెయ్యి అదిరితే అంచు పగులుతుంది. అంచులు పగలడం మొదలైంది. తాయిఫ్‌లో విమానాల స్థావరం ఉంది, అదొక పీడ. జెట్ విమానం నెత్తిమీదుగా పోయిందంటే పీరయ్యకు తాపీ కూడా చేతిలో ఆగేది కాదు.

కఫీల్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఇదంతా చూసేవాడు. ఒకరోజు నాతో చెప్పించాడు: "మజ్లిస్‌లో ఇటలీ మార్బుల్ వేయాలి. వచ్చే రంజాన్ లోపల నీ చెయ్యి కుదుటపడితే నువ్వే వెయ్యి. లేదంటే ఖురూజ్." మజ్లిస్ అంటే అతిథులను కూర్చోబెట్టే హాలు. ఖురూజ్ అంటే పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి ఇంటికి పంపించెయ్యడం.

కారులో వస్తుంటే పీరయ్య కుడి చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "ఇంటికి వోవుడుకు నేను భయపడ్త లేను భాయ్. చెయ్యి లేకుంట వోవుడే... గదే."

ఆసుపత్రిలో అన్నీ బాగానే ఉన్నాయన్నారు, మాత్రలిచ్చారు. అవి వేసుకుంటే పీరయ్య పరంజా పలక మీదే కునుకు తీసేవాడు. పడితే నడుము విరుగుతుందని వాటిని మానేశాడు.

నాకో జబ్బుంది. ఏదైనా వింతగా కనిపిస్తే దాని సంగతేంటో తేల్చుకునేదాకా నాకు తిన్నది అరగదు. కూరగాయల మార్కెట్ వెనక ఒక చిన్న హోటల్ ఉండేది. దాన్ని నడిపే ముసలాయన్ను అందరూ సీనీ హాజీ అనేవాళ్లు, అంటే చైనా హాజీ అని. ఆయన పెద్దలు ఎప్పుడో చైనా వదిలి వచ్చి తాయిఫ్‌లో స్థిరపడిన ముస్లింలు. ఉల్లిగడ్డల బస్తాలు ఎక్కించుకోవడానికి పోయినప్పుడల్లా ఆ హోటల్ వెనక దొడ్లో ఆయన కనిపించేవాడు. మోకాళ్లు కొంచెం వంచి, రెండు చేతులూ ముందుకు చాచి, పెద్ద నీళ్ల కాగును వాటేసుకున్నట్టు నిలబడేవాడు. కాగు లేదు. గాలినే పట్టుకుని ఉన్నాడు. నేను బస్తాలన్నీ ఎక్కించుకున్నా ఆయన కదిలేవాడు కాదు. చివరికి ఆగలేక అడిగేశాను.

"నిలబడటం నేర్చుకుంటున్నాను" అన్నాడు హాజీ. ఆ వయసులో! నాకు నవ్వొచ్చింది. కానీ ఆయన టీ పోస్తుంటే చూశాను, డెబ్బై దాటిన ఆ చెయ్యి గోడకు కొట్టిన మేకులా ఉంది. మరుసటి శుక్రవారమే పీరయ్యను లాక్కుపోయాను.

హాజీ పీరయ్య రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. నాలుక చూపించమన్నాడు. తర్వాత అరబ్బీలో ప్రశ్నలు. నిద్ర ఏ జామున తెగుతుంది? పాదాలు చల్లగా ఉంటాయా? అన్నం ఎవరితో కూర్చుని తింటావు? చివరిది ఎందుకో నాకర్థం కాలేదు, అయినా తెలుగులో అడిగాను. "గదేం సవాలు భాయ్, రూంల అందరం ఒక్క సుఫ్రా మీదనే తింటం గదా" అన్నాడు పీరయ్య. సుఫ్రా అంటే నేలమీద పరుచుకుని తినే ప్లాస్టిక్ గుడ్డ. హాజీ తల ఊపాడు.

"గుండెలో ఒక యజమాని కాపురం ఉంటాడు" అన్నాడు హాజీ. వాళ్ల భాషలో దానికేదో పేరు కూడా చెప్పాడు. "యుద్ధంలో ఆయన బెదిరి ఇల్లు వదిలేశాడు. వీధుల్లో తిరుగుతున్నాడు. కేకలేసి పిలిస్తే రాడు. ఇంట్లో పొయ్యి వెలిగించి, అన్నం వండి పెడితే ఆయనే వస్తాడు."

మందు ఏమిటా అని ఎదురు చూశాను. గోధుమలు, అతిమధురం ముక్కలు, ఎండిన ఎర్ర రేగుపండ్లు. అంతే! ఈ మూడూ నీళ్లలో మరిగించి ఆ గంజిని వెచ్చగా తాగాలట. చైనాలో తరతరాలుగా, మనసు చెదిరినవాళ్లకు కాచి ఇచ్చేది అదేనట. పీరయ్య మొహం చూడాలి. "రేగువండ్లా? మా దిక్కు బడి పోరగాండ్లు జేబులల్ల వోసుకోని తింటరు. గిది మందా?" అని నన్ను మింగేలా చూశాడు. కానీ రేగుపండు వాసన చూశాక మాత్రం దాన్ని కిందపెట్టలేదు.

పద్ధతులు కూడా చెప్పాడు. ఒక్కో గుక్కనూ నోట్లో ఆపి రుచి తెలిశాకే మింగాలి. మణికట్టు లోపలివైపు, మూడు వేళ్ల కింద, రెండు నరాల నడుమ బొటనవేలితో మెల్లగా నొక్కాలి. పడుకోబోయే ముందు పాదాలు వేడినీళ్లలో పెట్టాలి. పొద్దున్నే ఆ కాగు పట్టుకున్నట్టు నిలబడాలి. ఊపిరి తీసుకునేదానికంటే వదిలేది నిదానంగా ఉండాలి, ధ్యాసంతా అరికాళ్ల మీద పెట్టాలి. చెయ్యి వణికితే దానితో పోట్లాడకూడదు. "షువయ్య షువయ్య" అన్నాడు. మెల్లమెల్లగా అని.

హాయిల్‌లో పండే గోధుమలు నేనే తెచ్చాను. పీరయ్య మొండివాడు, పట్టుకున్నాడంటే వదలడు. మేడ మీద ఆయన గాలిని వాటేసుకుని నిలబడితే పక్క బిల్డింగ్ పాకిస్తానీలు వచ్చి చూసిపోయేవాళ్లు. రోజులు గడిచాయి. చేతి వణుకు తగ్గలేదు. తగ్గకపోగా ఎడమ చెయ్యి కూడా మొదలుపెట్టింది. మనిషి బుగ్గలు లోపలికి పోయాయి. నాకు ఆ ముసలాయన మీద ఒళ్లు మండింది. రేగుపండ్లు చేతిలో పెట్టి మమ్మల్ని వెర్రివాళ్లను చేశాడనుకుని, పీరయ్యను వెంటబెట్టుకుని కొట్లాటకే పోయాను.

హాజీ నా అరుపులు పట్టించుకోలేదు. పీరయ్య మణికట్టు పట్టుకుని ఉలిక్కిపడ్డాడు. "అన్నం ఎవరితో తింటున్నావు?" అని మళ్లీ అదే ప్రశ్న వేశాడు.

"ఒక్కన్నే. మేడ మీద" అన్నాడు పీరయ్య.

"ఎందుకు?"

"పత్యం గదా!"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మందు తాగుతూ పత్యం చెయ్యకపోతే మందు విరిగిపోతుందని మన పల్లెల్లో ఎవరికి తెలియదు? హాజీ చెప్పడం మరిచిపోయాడనుకుని పీరయ్యే తన నెత్తిన వేసుకున్నాడు. చింతపండు బంద్. వంకాయ బంద్. గోంగూర, చేపలు, మాంసం, పచ్చళ్లు, అన్నీ బంద్. హన్మాండ్లు పులుసు వాసన తగిలినా మందు పనిచేయదని గదిలో తినడమే మానేసి, మేడ మీద ఒంటరిగా ఉప్పులేని అన్నం తింటున్నాడు. మేము కూడా పత్యమే కదా అని ఊరుకున్నాం. ఎవరికీ తప్పనిపించలేదు.

ఇదంతా అరబ్బీలో చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పత్యానికి అక్కడ మాటెక్కడ దొరుకుతుంది? హాజీకి అర్థమయ్యాక మొదట కోపం, తర్వాత కళ్లలో నీళ్లు. "నేను ఇల్లు వెచ్చగా పెట్టమన్నాను. నువ్వు ఇల్లు ఖాళీ చేసి వాకిట్లో కూర్చున్నావు. ఖాళీ ఇంటికి ఎవరొస్తారు?" లోపలి నుంచి సేమ్యా లాంటి పొడుగు తీగలున్న మాంసం పులుసు తెప్పించి, మా ఇద్దరితోపాటు తనూ కూర్చున్నాడు. పీరయ్య ముందు నావైపు చూశాడు. తర్వాత తిన్నాడు. తింటూ తింటూ ఏడ్చాడు. రియాద్ సైరన్లలో నవ్విన మనిషి!

ఆ మర్నాటి నుంచి సుఫ్రా మీద ఆయన చోటు నిండింది. హన్మాండ్లు వంకాయ పులుసు వండితే మూడుసార్లు వడ్డించుకున్నాడు. గంజి తాగడం, మేడ మీద నిలబడటం మానలేదు. ఎడమ చెయ్యి కొద్దిరోజుల్లోనే నిలిచింది. కుడిది మెల్లగా దారికి వచ్చింది. గంజి పనిచేసిందా, ఊపిరా, పులుసా అని నేను హాజీని ఎన్నిసార్లు అడిగానో. "ఏది పనిచేసిందో తెలిస్తే మిగతావి మానేస్తావు" అనేవాడు. ఆ తర్వాత పీరయ్య చాలా ఏళ్లు సౌదీలోనే ఉన్నాడు, రాబిగ్‌లో, అభాలో పనిచేశాడు. ఆ చెయ్యి పూర్తిగా మానిందని మాత్రం నేను చెప్పలేను.

ఆ ఏడు రంజాన్ దగ్గరపడింది. మజ్లిస్ నేల దాదాపు అయిపోయింది, గుమ్మం దగ్గర చివరి వరుస మిగిలింది. కఫీల్ చూడ్డానికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పీరయ్య చివరి రాయి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే జెట్ ఒకటి ఇంటి కప్పు ఎగిరిపోయేలా మోగుతూ పోయింది. రాయి పట్టుకున్న చెయ్యి అదిరింది.

నేను కఫీల్ మొహం వైపు చూశాను. పీరయ్య మాత్రం రాయిని మెత్తగా కింద పెట్టాడు. తలెత్తి కఫీల్‌తో "షువయ్య" అన్నాడు. కఫీల్‌ను ఆగమని చెప్పిన పనివాణ్ణి నేను అంతవరకు చూడలేదు. చెప్పులు విప్పి అరికాళ్లు నేలకు ఆనించాడు. ఊపిరి నిదానంగా వదిలాడు. వెంట తెచ్చుకున్న ఫ్లాస్కులోంచి గంజి పోసుకుని, మర్యాద కోసం ఇంకో కప్పు పోసి కఫీల్‌కు ఇచ్చాడు.

కఫీల్ వెనక కట్టుకున్న చేతులు తీసి కప్పు అందుకున్నాడు. కప్పు వణికింది. గంజి తొణికి ఆయన తెల్లటి పొడుగు అంగీ, తోబ్ మీద పడింది. పనివాళ్లంతా తలలు దించుకున్నారు. ఎప్పుడు చూసినా ఆయన చేతులు వెనక్కే ఎందుకుంటాయో నాకు అప్పుడు తెలిసింది.

"నేను ఖఫ్జీలో ఉన్నాను" అన్నాడు కఫీల్, ఎవరూ అడగకుండానే. ఖఫ్జీ సరిహద్దు ఊరు. యుద్ధంలో ఇరాక్ సైన్యం దాంట్లోకి చొరబడింది.

పీరయ్య ఆ చేతినే చూస్తున్నాడు. "భాయ్, అన్నం ఎవలతోని కూసోని తింటడో అడుగు" అన్నాడు.

"నీకు మతి పోయిందా అన్నా? కఫీల్‌ను అడిగే మాటేనా అది?"

"అడుగు."

అడిగాను. కఫీల్ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇంటినిండా జనం ఉన్న మనిషి. "వహ్దీ" అన్నాడు. ఒంటరిగా అని. "తలుపు వేసుకుని. పిల్లలు ఈ చెయ్యి చూడకూడదని."

పీరయ్య లేచాడు. చివరి రాయిని దించి, రెండుసార్లు సుత్తితో తట్టి, మట్టం పెట్టి చూసి, చేతులు కడుక్కున్నాడు. మధ్యాహ్నం అన్నం గిన్నెలతో వచ్చిన హన్మాండ్లు వైపు తిరిగి, "సుఫ్రా గిక్కన్నే పరువు. ఇంకో పళ్లెం పెట్టు" అన్నాడు.

ఇంకా సందుల్లో సిమెంటు ఆరని ఆ ఇటలీ మార్బుల్ మీద, గుమ్మం దగ్గర, మా కఫీల్ తోబ్ సర్దుకుని కూర్చున్నాడు. హన్మాండ్లు పులుసు కారానికి ఆయన కళ్లమ్మట నీళ్లు కారాయి. వణికే చేత్తోనే, మా అందరి ముందు, రెండోసారి అన్నం కలుపుకున్నాడు.